మిద్దె తోట: టమోటా మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ టమోటా గురించే. ఒకే బాధ రాసినవాళ్ల ప్రశ్నలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న: ఏప్రిల్ మొదట్లో నారు తెచ్చి మిద్దె మీద నాటాను. మొక్కలు నడుమెత్తు గుబురుగా పెరిగాయి, పూత విరగబూసింది. ఒక్క పిందె నిలవలేదు. ఎరువుల కొట్లో ఇచ్చిన పూత మందు రెండుసార్లు కొట్టినా అంతే. ఏ ఎరువు తక్కువైనట్టు? (ఒక గృహిణి, వేదాయపాళెం, నెల్లూరు)

జవాబు: ఎరువు తక్కువ కాలేదమ్మా, నెల తప్పింది. టమోటా పూత పిందె కట్టాలంటే రాత్రి చల్లబడాలి. రాత్రి 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే కాపు బాగా నిలుస్తుంది. రాత్రి 25, పగలు 35 దాటితే పుప్పొడిలో సత్తువ పోతుంది. పూవు కాడ పసుపుబారి, వేలు తగిలితే ఊడొస్తుంది. మే నెలలో నెల్లూరు రాత్రులు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పాలా? పైగా గచ్చు పగలంతా కాగి, ఆ వేడిని రాత్రి వదులుతుంది. పూత మందు పూవు రాలడాన్ని నాలుగు రోజులు ఆపగలదేమో గాని, చచ్చిన పుప్పొడిని బతికించలేదు.

మన తీరంలో మిద్దె మీద టమోటా చలికాలపు పంట. అక్టోబరులో విత్తితే లేత నారు వాయుగుండాల వానల్లో చిక్కుతుంది. నవంబరు 15, డిసెంబరు 15 మధ్య విత్తి, ఎంత ఆలస్యమైనా సంక్రాంతిలోపు నాటేయండి. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో పూత పడి, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా కాయలు కోసుకోవచ్చు. ఎండాకాలం 50 శాతం షేడ్ నెట్ కడితే ఆకు మాడదు. రాత్రి వేడి తగ్గదు కాబట్టి దాన్ని నమ్ముకుని కాపు ఆశించొద్దు. ఆ మూడు నెలలూ అదే కుండీల్లో గోంగూర, గోరుచిక్కుడు, బెండ వేసుకోవడం మేలు.

చలికాలంలోనూ పూత రాలుతుంటే రెండు చూడండి. ఒకటి, యూరియా గాని పచ్చి పేడనీళ్లు గాని ఎక్కువ పోస్తున్నారేమో. ఆకు బలిసి కాపు తగ్గుతుంది. రెండోది గాలి. టమోటా పూవు తన పుప్పొడితోనే పిందె కడుతుంది, కాకపోతే అది కదలాలి. గాలి ఆడని బాల్కనీలో ఉంటే ఉదయం 9, 11 గంటల మధ్య పూగుత్తి కాడను వేలితో రెండుసార్లు తట్టండి.

ప్రశ్న: 20 లీటర్ల పెయింటు బకెట్లు ఆరు ఉన్నాయి. మట్టి ఏ పాళ్లలో కలపాలి? విత్తనం నుంచి నాటేదాకా వరసగా చెప్పండి. (కావలి)

జవాబు: బకెట్‌కు ఒక్క మొక్కే. రెండు పెడితే రెండూ సగం కాపే ఇస్తాయి. అడుగున చిటికెనవేలు పట్టేంత బెజ్జాలు ఆరు, అడుగుకు అంగుళం పైన పక్కలకు నాలుగు పెట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలపాలి. బకెట్‌కు వేపపిండి 100 గ్రాములు, ఎముకల పొడి 50 గ్రాములు చేర్చండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, రెండుసార్లు నీళ్లు మార్చాకే వాడండి. నల్లరేగడి తప్ప దొరకదంటే ఒక పాలు ఇసుక కలపండి. పెన్నా ఇసుక పనికొస్తుంది, సముద్రపు ఇసుక వద్దు. తడిసిన బకెట్ 20 కిలోలు దాటుతుంది కాబట్టి శ్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టకుండా గోడల వెంబడి, ఇటుకల మీద పెట్టుకోండి.

విత్తనం అర సెంటీమీటరు లోతు చాలు. ట్రేలో గాని, అడుగున బెజ్జం పెట్టిన కాగితం కప్పుల్లో గాని వేస్తే వారం లోపు మొలుస్తుంది. మొలిచిన రోజు నుంచే ఉదయపు ఎండ తగలాలి. నీడలో ఉంచితే కాడ సన్నగా సాగి వాలిపోతుంది. రోజూ తడి ముద్దగా ఉంటే మొదట్లో కాడ నల్లబడి నారు పడిపోతుంది, అదే నారుకుళ్లు. పైమట్టి ఆరాకే నీళ్లు చిలకరించండి. 25 నుంచి 30 రోజులకు నాలుగైదు ఆకులు వస్తాయి. నాటే ముందు వారం నీళ్లు తగ్గించి, ఎండ పెంచాలి. సాయంత్రం పూట, అడుగు ఆకులు రెండు తుంచేసి, అక్కడిదాకా కాడను మట్టిలోకి దించండి. పూడిన కాడంతా వేళ్లు పోస్తుంది. నాలుగడుగుల కర్ర ఊతం ఆ రోజే గుచ్చాలి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.

నాటిన 20 రోజులకు మొదలుపెట్టి పదిహేను రోజులకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు అంచుల వెంబడి వేసి మట్టి కప్పండి. పిందెలు పడ్డాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే) ఎరువు లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి వారానికోసారి మొక్కకు అర లీటరు పోస్తే సరిపోతుంది.

ప్రశ్న: మాది సముద్రం పక్క ఊరు, బోరు నీళ్లు ఉప్పు. అందుకే నీటి శుద్ధి మిషను నుంచి వేస్టుగా పోయే నీళ్లు పట్టి మొక్కలకు పోస్తున్నాం. ఆకుల అంచులు మాడుతున్నాయి, కాయల అడుగు నల్లగా కుళ్లుతోంది. కోడిగుడ్డు పెంకుల పొడి వేసినా ఆగలేదు. (కొత్తపట్నం)

జవాబు: ఆ వేస్టు నీళ్లు వెంటనే ఆపండి. మిషను మంచినీటిని మీకిచ్చి, అందులోని ఉప్పంతా మిగిలిన నీళ్లలోకి తోస్తుంది. అవి మీ బోరు నీళ్ల కన్నా ఉప్పగా ఉంటాయి. బాత్రూము కడగడానికి వాడండి, మొక్కకు మాత్రం కాదు. నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ నీళ్లదీ ఇదే సంగతి. వాటిలో సోడియం చేరుతుంది.

నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టి.డి.ఎస్. మీటరు చవకే. 500 పి.పి.ఎం. (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు చూపిస్తే నిశ్చింత. 1000 దాటితే టమోటా కాపు తగ్గడం మొదలవుతుంది. మీ నీళ్లు అంతకు మించితే వాననీళ్లు గాని ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు గాని సగానికి సగం కలపండి. ఏసీ నీళ్లు గాలిలోని తేమే కాబట్టి ఉప్పు ఉండదు. పదిరోజులకోసారి అడుగు బెజ్జాల నుంచి ధారగా కారేలా నీళ్లు నిండుగా పోయండి. పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో ఖాళీ కుండీలను కప్పకుండా తడవనివ్వండి. ఏడాది ఉప్పు ఆ వానలే కడిగి పెడతాయి. ఉప్పుతోపాటు సారమూ కొంత పోతుంది గనుక నాటే ముందు కంపోస్టు మళ్లీ కలుపుకోండి.

ఇక కాయ అడుగు నల్లబడటం. అది తెగులు కాదు, పురుగు కాదు. కాయ కొసకు కాల్షియం అందక వచ్చేది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, అది కాయదాకా పోయేది నీటితోనే. ఒకరోజు ఎండగట్టి మరుసటిరోజు ముంచెత్తితే ఆ దారి తెగుతుంది. ఉప్పు నీళ్లూ అదే చేస్తాయి. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందదు. వేరుశనగకు వాడే జిప్సం రెండు చెంచాలు పైమట్టిలో కలిపి, ఎండుటాకులో వరిగడ్డో రెండంగుళాల మందం పరచి, రోజూ ఒకే వేళకు నీళ్లు పోయండి. నల్లబడ్డ కాయలు బాగుపడవు, తుంచేయండి. కొత్త పిందెలు బాగుంటాయి.

చేపలు కడిగిన నీళ్ల గురించి కూడా అడిగారు. పచ్చి చేపలవైతే మూడింతల నీళ్లు కలిపి పోయొచ్చు, పిల్లుల బెడద మీరు పడాలి. ఉప్పు చేపలవి మాత్రం వద్దు.

ప్రశ్న: పొలం నుంచి తెచ్చిన మట్టితో బస్తాల్లో టమోటా వేశాం. ఇప్పుడు మొక్క మొదట్లో ఆకుల్లేని, లేత ఊదా పూల కాడలు పుట్టుకొస్తున్నాయి. మొక్క నీరసించింది. (టంగుటూరు)

జవాబు: మీ ఊళ్లో ఏ పొగాకు రైతును అడిగినా పేరు చెబుతాడు, అది మల్లె (పూల మల్లె కాదు). పొగాకు వేరును పట్టి బతికే ఆ కలుపే టమోటా, వంగ వేళ్లనూ పడుతుంది. దానికి పచ్చదనం లేదు, ఆహారమంతా మీ మొక్క నుంచే గుంజుకుంటుంది. పైకి కనబడే లోపే మట్టిలో చాలా నష్టం చేసి ఉంటుంది.

పూవు విచ్చకముందే కాడను మట్టిలోపలి నుంచి పెరికి కాల్చేయండి. కంపోస్టు గుంటలో వేయొద్దు. దాని గింజలు ధూళిలా ఉంటాయి, మట్టిలో పదేళ్లకు పైగా చావవు. ఈ కాపు అయ్యాక ఆ మట్టిని పెరట్లో పారబోయకండి. ఏప్రిల్, మే నెలల్లో అరడుగు మందం పరిచి, బాగా తడిపి, పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి, అంచులు మూసి, ఐదారు వారాలు ఎండలో ఉంచండి. మన ఎండలు ఇలాంటి పనికి బాగా ఉపయోగపడతాయి. వేళ్ల మీద బొడిపెలు తెచ్చే నులిపురుగులూ దీంతో తగ్గుతాయి. నల్లపట్టా వాడితే వేడి అంత లోతుకు దిగదు.

పొగాకు కషాయం పురుగులకు కొట్టొచ్చా అని కూడా రాశారు. వద్దండీ. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయే విషం. పైగా పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులోనూ బతికే ఉంటుంది, టమోటాకు అంటుకుంటుంది. చుట్ట పట్టిన చేత్తో, ఖైనీ నలిపిన చేత్తో మొక్కను ముట్టుకోబోయే ముందు సబ్బుతో కడుక్కోవాలి.

ప్రశ్న: మిరపలో పై ముడత, కింది ముడత మాకు తెలుసు. టమోటాలో ఆకు ముడిస్తే ఏది అనుకోవాలి? (పొదిలి)

జవాబు: మిరప లెక్క ఇక్కడ సగమే పనికొస్తుంది. మిరపలో పై ముడత తామర పురుగు పని, కింది ముడత నల్లి (కంటికి ఆననంత చిన్న, రసం పీల్చే పురుగు) పని. టమోటాలో కొస ఆకులు చిన్నవై, పసుపుబారి, దొప్పల్లా పైకి ముడిచి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు. నాటిన నెల లోపు కనబడితే పీకి సంచిలో కట్టి పారేయండి. జాలిపడి ఉంచితే పక్క మొక్కలు పోతాయి. కాయలు దిగాక వస్తే ఉన్న కాయలు కోసుకునేదాకా ఉంచొచ్చు. ఆకులు సన్నబడి కిందికి ముడిచి, అడుగున రాగిరంగు మెరుస్తుంటే నల్లి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, చల్లటి పూట కొట్టండి. మంటెండలో కొడితే ఆకు కాలుతుంది. అడుగు ముదురాకులు మాత్రమే పొడవునా చుట్టుకుని, పచ్చగా, దళసరిగా ఉంటే ఎండకు, నీటి ఎద్దడికి అలా అయింది. దానికేమీ చేయనక్కర్లేదు.

వైరస్‌కు కట్టుబాటు నారులోనే. ట్రే మీద 40 మెష్ నైలాన్ వల దోమతెరలా కట్టండి. నాటాక మొక్కల ఎత్తులో పసుపు జిగురు అట్టలు పెట్టి, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం ఆకు అడుగున తడిచేలా కొట్టాలి. ప్రతి ఏడూ వస్తుంటే రకం మార్చండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ ఈ వైరస్‌ను, బ్యాక్టీరియా వడలు తెగులును, ఆకుమాడును మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్.

ప్రశ్న: తుఫాను వానల తర్వాత పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాలిపోతోంది. (అల్లూరు)

జవాబు: మొదలు దగ్గర కాడ ముక్క కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టండి. ఐదు నిమిషాల్లో పాలలాంటి తీగలు కిందికి జారితే బ్యాక్టీరియా వడలు తెగులు. ఆ మొక్కా ఆ మట్టీ రెండూ వదులుకోవాల్సిందే, ఆ బకెట్‌లో వంగ, మిరప కూడా వేయొద్దు. ఏమీ జారకపోతే నీరు నిలిచి వేరు ఊపిరాడక వాలి ఉండొచ్చు. బెజ్జాలు మూసుకున్నాయేమో పుల్లతో పొడిచి చూడండి. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటిది వస్తుందని తెలిస్తే, బకెట్లను గోడ వారకు చేర్చి ఒరిగించి పెట్టడం మంచిది. గాలికి విరగవు, నీరూ నిలవదు.

ప్రశ్న: మార్చి చివర కాయలు ఎర్రబడటం లేదు, పసుపుగా ఉండిపోతున్నాయి. (ఒంగోలు)

జవాబు: 32 డిగ్రీల పైన ఎరుపు రంగు సరిగా పట్టదు. అడుగున లేత గులాబి తిరగగానే కోసి, ఇంట్లో చల్లటి చోట పరిచి మాగబెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

ప్రశ్న: మార్కెట్లో కొన్న టమోటా గింజలు వేయొచ్చా? చేపల పులుసుకు పుల్లటి రకం కావాలి. (బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: మొలుస్తాయి, కాస్తాయి కూడా. కాకపోతే మార్కెట్‌కు వచ్చేవి ఎక్కువగా హైబ్రిడ్‌లు; వాటి పిల్లలు ఒక్కోటి ఒక్కో తీరుగా వస్తాయి. దూరం మోయడానికి తోలు మందంగా ఉండే ఆ కోలకాయలు పులుసులో కరగవు కూడా. పూసా రూబీ, పి.కె.ఎం.1 అడగండి. బల్లపరుపు గుండ్రటి కాయ, పలచటి తోలు, పులుపు ఉంటుంది. ఇవి హైబ్రిడ్‌లు కావు కాబట్టి గింజ దాచుకోవచ్చు. బాగా పండిన కాయ గుజ్జును గింజలతో సహా గాజుసీసాలో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, మునిగిన గింజలు మాత్రమే తీసి నీడలో ఆరబెట్టండి. తేలినవి తాలు.