పెరట్లో వాటా కట్టే ముందు

చిన్నీ,

పెరట్లో చిన్న వాటా కట్టి అద్దెకిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. 2022 ఏప్రిల్లో భీమవరం జిల్లా కేంద్రం అయ్యింది, ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు. కానీ ఇల్లు దొరక్క తిరిగేవాళ్లలో ఎక్కువమంది ఆరేడు వేలకి మించి పెట్టలేనివాళ్లే: నర్సులు, రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్లు, కొత్తగా పెళ్లైన సచివాలయం ఉద్యోగులు. వాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టు. అంటే ముందు అద్దె ఎంతొస్తుందో తేల్చుకుని, ఆ అద్దె మోయగలిగినంత ఇల్లే కట్టు. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. ఇల్లు కట్టేసి, అప్పు చేసేసి, ఆ అప్పుకి సరిపడా అద్దె ఎవడిస్తాడా అని గేటుకి టులెట్ బోర్డు తగిలించి కూర్చుంటారు.

లెక్క చూడు. మేస్త్రి చదరపు అడుగుకి 1,800 చెప్పాడన్నావు కదా. ఒక పెద్ద గది, వంటిల్లు, బాత్రూమ్, ముందు చిన్న వరండా కలిపి 400 అడుగులైతే 7,20,000. అద్దె 6,000 అనుకుందాం. మొత్తం అప్పే తెస్తే, 9 శాతం వడ్డీకి పదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకి 9,100 దాటుతుంది, అది కుదిరే పని కాదు. నీ దగ్గరున్న 3 లక్షలు పెట్టి 4,20,000 మాత్రమే లోను తీసుకుంటే కిస్తీ 5,320. ఏడాదికి పదకొండు నెలల అద్దే లెక్కేసుకో, ఎందుకంటే ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు వచ్చేలోపు ఓ నెల పోతూనే ఉంటుంది. అప్పుడు వచ్చేది 66,000, బ్యాంకుకి పోయేది 63,840. రంగులేయించాలన్నా, మోటారు కాలిపోయినా చేతిలో ఏమీ ఉండదు. అందుకని 15 ఏళ్లకి పెట్టించు, కిస్తీ 4,260కి దిగుతుంది. మొత్తం మీద వడ్డీ లక్షా పాతిక వేల పైనే ఎక్కువ పడుతుంది, నిజమే. కాకపోతే ఫ్లోటింగ్ వడ్డీ మీద, అంటే మధ్యలో మారుతూ ఉండే వడ్డీ మీద, మనలాంటివాళ్లు తీసుకున్న ఇంటి లోను ముందే తీర్చేసినా జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, కాబట్టి డబ్బు ఆడినప్పుడల్లా అసలులో కట్టుకుంటూ పో.

బయట అప్పు మాత్రం వద్దు. రెండు రూపాయల వడ్డీయే కదా అంటారు, అది ఏడాదికి 24 శాతం. 2 లక్షలు తెచ్చావంటే నెలకి 4,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే కూర్చుంటుంది. చీటీ ఉంది కదా అని మొదటి నెలల్లోనే పాడేసుకోకు, అప్పుడు పాటలో వదులుకోవాల్సిన సొమ్ము చాలా ఎక్కువ. బంగారం తాకట్టు సంగతి, ఆఖర్న తలుపులకో టైల్స్‌కో తక్కువైతే అప్పుడు చూద్దాం. ఇంకో సంగతి, బ్యాంకు డబ్బంతా ఒకేసారి ఇవ్వదు. పునాది అయ్యాక కొంత, లెంటల్ దాకా లేచాక కొంత, శ్లాబుకి కొంత ఇస్తుంది, ప్రతిసారీ వాళ్ల ఇంజినీరు వచ్చి చూసి వెళ్లాలి. కాబట్టి నీ 3 లక్షలు మొదట్లోనే ఖర్చవుతాయి, వాటిని ఇంకెక్కడా ఇరికించకు.

స్థలం మీ అమ్మ పేరు మీదుంది. లోనులో ఆవిడ ఉండాల్సిందే, అద్దె కూడా ఆవిడ ఆదాయమే అవుతుంది. అద్దెలోంచి మున్సిపాలిటీ పన్ను, ఆ మిగిలిందాంట్లో 30 శాతం, పైగా లోను వడ్డీ తీసేసి చూపించొచ్చు, ఆవిడకి పన్ను పడేదేమీ ఉండదు. నీ జీతంలోంచి కిస్తీ కడుతున్నానని నువ్వు వడ్డీ చూపించుకుందామంటే కుదరదు, ఇంట్లో నీకు హక్కు లేదు కాబట్టి. ఇక్కడే మీ తమ్ముడి విషయం కూడా ఉంది. నీ డబ్బుతో లేచే గోడలు రేపు ఎవరివో ఇప్పుడే మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి. వాడు మంచివాడే, నేను కాదనను, కానీ ఇలాంటివి మాట్లాడుకోవడానికి అందరూ మంచిగా ఉన్నప్పుడే టైము.

వాడు కాలిఫోర్నియా పెరటి ఇళ్ల ఫొటోలు పంపుతున్నాడట. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. అక్కడ 2017 నుంచి చట్టాలు సడలించుకుంటూ వచ్చారు, ఇప్పుడు పక్కన, వెనక నాలుగేసి అడుగులు వదిలితే చాలంటారు. ఇక్కడ మన మున్సిపాలిటీ ఎంత వదలమంటే అంతా వదలాలి. ప్లాను లేకుండా మొదలుపెట్టకు, ఆ కాగితం లేకపోతే బ్యాంకు గడప కూడా తొక్కనివ్వదు.

అసలు భయం నేల గురించే. మనది నల్ల జిగటమట్టి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. మేస్త్రి నాలుగడుగులు తవ్వి ఇటుక పునాది వేసేస్తానంటే ఒప్పుకోకు. ముందు ఒక గొయ్యి తవ్వించి ఇంజినీరుకి చూపించు. అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు, కింద బల్బులా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు, ఇలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసిన పద్ధతి. ఆయన అవి వెయ్యాలంటే వెయ్యి, టైల్స్ తగ్గించుకో. కొత్త గోడని పాత ఇంటి గోడకి కలపనివ్వకు. కొత్తది కొంత దిగుతుంది, పాతది దిగదు, మధ్యలో పగులు తీస్తుంది. సందు వదిలి విడిగా లేపించు.

పునాది పని కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో పెట్టుకుంటే గోతుల్లో ఊట తక్కువ ఉంటుంది. అప్పుడేమో నీళ్లకి కటకట. బోరు నీళ్లున్నాయిగా అని మేస్త్రి అంటాడు. మీ బోరు ఉప్పన, ఆ నీళ్లు కాంక్రీటులో కలిపితే లోపల ఇనుము తుప్పు పట్టి నాలుగేళ్లకే శ్లాబు పెచ్చులూడుతుంది. ఇనుము వేసే కాంక్రీటుకి లీటరు నీళ్లలో 500 మిల్లీగ్రాములు మించి క్లోరైడ్ ఉండకూడదు. ఓ సీసాలో పట్టి పరీక్షకి పంపు, లేదంటే ట్యాంకరు తెప్పించు. శ్లాబు మీద మడులు కట్టి పది రోజులైనా నీళ్లు ఆరకుండా చూడు. ఇసుక ఉచితమే అంటున్నారు కానీ లోడింగు, లారీ కిరాయి మనవే, అది లెక్కలో వేసుకో.

మీ పెరడు వీధి కంటే పల్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ అది ఇంకాస్త లేస్తుంది, మీ వీధిలో పాత ఇళ్లకి మెట్లు లోపలికి దిగడం చూస్తున్నావుగా. కాబట్టి ఇప్పటి రోడ్డు మీద కనీసం రెండడుగులు ఎత్తు లేపు, వాడుక నీళ్లు వీధి కాలువ దాకా వాటంగా పోయేలా ముందే లెవెల్ తీయించు. ఊట పైనే ఉన్నచోట ఇంకుడు గుంట వానాకాలం పనిచేయదు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడ పెట్టినా, దాన్ని లాగే లారీ పైపు వీధిలోంచి అక్కడికి అందుతుందా అని తాడు పెట్టి కొలుచుకో.

వాస్తు గురించి నీతో వాదించను, ఈశాన్యంలో సెప్టిక్ ట్యాంకు పెట్టకపోతే చాలు.

దారి విడిగా ఉండాలి, బండి లోపలికి వచ్చేంత. కరెంటు మీటరు విడిగా ఉండాలి, లేకపోతే ప్రతి నెలా ఫ్యాను గొడవే. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాసుకో, రెండు నెలల అడ్వాన్సు మించి అడక్కు, ఆరు వేలు అద్దె కట్టేవాళ్ల దగ్గర యాభై వేలు ఎక్కడుంటాయి? ఒంటరి ఆడపిల్లలకి ఇవ్వం, ఫలానా కులం వాళ్లకి ఇవ్వం అనేవాళ్ల బోర్డులే ఏడాది పొడుగునా గేటుకి వేలాడుతూ ఉంటాయి. నైట్ డ్యూటీ చేసొచ్చే నర్సులకి కావలసింది నిద్రపట్టే గది, తియ్యటి నీళ్లు, అంతే.

గొయ్యి తవ్వించే రోజు ముందే ఫోన్ చెయ్యి, పొద్దున్న బస్సుకి వచ్చేస్తాను. మేస్త్రికి అడ్వాన్సు మాత్రం నేను వచ్చాకే ఇవ్వు.

మావయ్య