పద్దుల పుస్తకంలో పాటలు

నరసన్నపేట నుంచి ఒకరు రాశారు: ‘పెళ్లయి మూడేళ్లు. మా ఆవిడ విజయనగరంలో గాత్రం నేర్చుకుంది. పాల లెక్క చూద్దామని మా అప్ప (అక్క) పద్దుల పుస్తకం తీస్తే, వెనక పేజీల నిండా పాటలు. పడకలు, పంటిగాట్లు, రాత్రి రాలేదని నిష్ఠూరాలు. ప్రతి పాట చివరా మువ్వగోపాల. ఆమెతో చదివినవాళ్లలో ఒక గోపాల్ ఉన్నాడు. ఈ మాటలకు అర్థం ఏమిటి?’

ముందు ఆ అబ్బాయిని వదిలేయండి బాబూ. మువ్వగోపాలుడంటే కృష్ణా జిల్లా మొవ్వలోని వేణుగోపాలస్వామి. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య తాను కట్టిన పదాల్లో, అంటే శృంగార పాటల్లో, సంతకంలా వేసుకున్న ముద్ర అది. ఆ పదాల్లో అలిగేది, ఎదురుచూసేది, తెల్లారి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే కడిగేసేది ఆడమనిషి. రాసింది మగవాడు. రాత్రి వేరొకతె దగ్గర గడిపి వచ్చినవాణ్ణి నిలదీసే పాటను ఖండిత పదం అంటారు; అది పాడాలంటే ఆ దెప్పిపొడుపు గొంతులో పలకాలి. నేర్చుకున్నది మరిచిపోకూడదని రాసుకుంది మీ ఆవిడ.

అలాగని అదంతా భక్తేనని చెప్పి మిమ్మల్ని ఊరడించను. ఆ పాటల్లో కోరిక ఉంది. పాడే మనిషికీ ఉంటుంది. అందులో తప్పేముంది? దానికి ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నాకు కళ్లు తిరిగిన చోటు వేరే ఉంది. ‘అప్ప అందరి ముందూ చదివింది. మా ఆవిడ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది’ అన్నారు. అప్పుడు మీరేం చేశారో రాయలేదు. నోరు విప్పలేదనే కదా?

అమ్మ పోయాక అప్పే పెంచిందన్నారు. అలాంటి అప్పకు ఎంత చేసినా తక్కువే. పండక్కి చీర పెట్టండి, జబ్బు చేస్తే పక్కనుండి చూసుకోండి. కానీ ఆ రుణం మీది. భార్య పరువు పెట్టి తీర్చేది కాదు. ఆమె మిమ్మల్ని నమ్మి ఆ ఇంట అడుగుపెట్టింది. నలుగురిలో ఆమె తల వంగితే ఎత్తాల్సినవాళ్లు మీరే. మూడేళ్లుగా ఆ పని మీరు అప్పకు వదిలేశారు. అనుమానం అక్కడ మొలిచింది, పాటలో కాదు.

పుస్తకం ఇంకా అప్ప దగ్గరే ఉందన్నారు. ఈ ఆదివారం మీరే వెళ్లి అడగండి. ‘అది దానిది అప్పా, ఇచ్చీ’ అంటే చాలు, గొడవ అక్కర్లేదు. తెచ్చి, తెరవకుండా ఆమె చేతికివ్వండి. ఆ రోజు నేను మాట్లాడాల్సింది అని ఒప్పుకోండి. పాల లెక్కకు వేరే పుస్తకం కొనండి.