షాఫ్ట్ ఎక్కడ విరుగుతుందో ముందే ఎలా చెప్పాలి

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రొయ్యల గుంటల్లో చక్రాలతో నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్ షాఫ్ట్ లెక్క నీ చేతికిచ్చారని రాశావు. వంపు, మెలిక రెండూ ఒకేసారి పడే చోట ఏ సిద్ధాంతం నమ్మాలని అడిగావు. తల్లీ, సిద్ధాంతం రెండో ప్రశ్న. నీ ముందున్నది సాగే లోహమా, పెళుసుదా? ముందు అది తేల్చుకో. అది తప్పితే తర్వాత ఎంత శుద్ధంగా లెక్క కట్టినా పనికిరాదు.

తేల్చడానికి ఊహ అక్కర్లేదు. రాడ్‌తో పాటు వచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో ఎలాంగేషన్ అని ఒక అంకె ఉంటుంది. విరిగేలోపు 5 శాతం కంటే ఎక్కువ సాగితే సాగే రకం, తక్కువైతే పెళుసు. ఎస్సెస్ 304 అనే స్టెయిన్‌లెస్ స్టీలు ఏకంగా 40 శాతం సాగుతుంది. మామూలు పోత ఇనుము ఒక్క శాతం కూడా సాగదు. కంటితో చూడాలంటే సుద్దముక్కను రెండు చేతులా పట్టి మెలితిప్పు. 45 డిగ్రీల ఏటవాలులో మరలాగా చుట్టుకుంటూ విరుగుతుంది. అదే మైల్డ్ స్టీల్ కడ్డీని విరిగేదాకా మెలితిప్పితే కత్తితో కోసినట్టు అడ్డంగా తెగుతుంది. మెలిక రెండింటికీ ఒకటే. సుద్ద లాగుడుకు ఓడింది, స్టీలు షియర్‌కు, అంటే పొర మీద పొర జారే కోతకు ఓడింది. ఈ తేడా నీ మనసులో నాటుకుంటే సగం పని అయినట్టే.

సాగే లోహానికి రెండు కొలతలున్నాయి. 1864 నాటి ట్రెస్కాది గరిష్ఠ షియర్‌ను చూస్తుంది. 1913లో వాన్ మైసెస్ ఇచ్చినది ఆకారాన్ని మార్చే శక్తిని చూస్తుంది. పోలిష్ ఇంజినీరు హ్యూబర్ 1904లోనే ఈ రెండోదాన్ని చెప్పినా, తన భాషలో రాయడం వల్ల చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1931లో టేలర్, క్విన్నీ గొట్టాలను లాగుతూ మెలితిప్పి చూసినప్పుడు ఫలితాలు మైసెస్‌కే దగ్గరగా వచ్చాయి. ట్రెస్కా ఎప్పుడూ భద్రత వైపే ఉంటుంది, మహా అయితే 15 శాతం తేడా.

ఇప్పుడు నీ షాఫ్ట్ చూద్దాం. 2 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 1500 వాట్లు. చక్రం నిమిషానికి 100 చుట్లు తిరుగుతుందనుకుంటే టార్క్, అంటే మెలితిప్పే బలం, 143 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ రెండు వైపులా పంచుతుంది కదా అని సగమే తీసుకోవద్దు. ఒక వైపు చక్రానికి వల ముక్కో తాడో చుట్టుకుంటే మొత్తం ఆ వైపుకే పోతుంది. చక్రాల బరువు, నీటి దెబ్బ కలిపి బేరింగ్ పక్కన వంపు 160 న్యూటన్ మీటర్లనుకో. షాఫ్ట్ 25 మిల్లీమీటర్లది, లోహం ఎస్సెస్ 304. స్ట్రెస్ అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం. వంపు స్ట్రెస్ 104 మెగాపాస్కల్, మెలిక షియర్ 46.6 వస్తాయి.

మైసెస్‌కు వంపు వర్గానికి మూడింతల షియర్ వర్గం కలిపి వర్గమూలం తీస్తే 132. ట్రెస్కాకు మూడింతల బదులు నాలుగింతలు వేస్తే 140. ఎస్సెస్ 304 కనీస యీల్డ్, అంటే లోహం శాశ్వతంగా లొంగడం మొదలయ్యే స్ట్రెస్, 205 కాబట్టి రెండింటి ప్రకారమూ నిలుస్తుంది.

ఇక్కడే చాలామంది పెన్ను మూసేస్తారు. మోటారు డైరెక్ట్‌గా స్టార్ట్ అయ్యే క్షణంలో టార్క్ రెట్టింపు దాకా పోగలదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అదే దెబ్బ. షియర్ 93కి పెంచి మళ్లీ కట్టు: మైసెస్ 192, ట్రెస్కా 214. ఒకటి నిలుస్తుందంటుంది, ఇంకొకటి నిలవదంటుంది. ఇలాంటప్పుడు ఎవరు చెప్పింది నిజమని కొట్టుకోవద్దు, సైజు పెంచు. 30 మిల్లీమీటర్లకు పోతే స్ట్రెస్‌లన్నీ 1.73 రెట్లు తగ్గి 111, 124కి దిగుతాయి. వ్యాసం ఘనంతో తగ్గుతుంది గనక 5 మిల్లీమీటర్లకే ఇంత లాభం.

సైజు పెంచడంతోనూ అయిపోలేదు, నాకు అసలు భయం తర్వాతి విషయం మీదే. మైసెస్, ట్రెస్కా రెండూ లోహం మొదటిసారి ఎప్పుడు లొంగుతుందో చెబుతాయి, అంతే. తిరిగే షాఫ్ట్ మీద ప్రతి బిందువూ ఒక చుట్టులో ఒకసారి లాగబడి ఒకసారి నొక్కబడుతుంది. రోజుకు 10 గంటలు నడిస్తే 60 వేల చుట్లు, 17 రోజులకు 10 లక్షలు, 4 నెలల పంటకు 70 లక్షల పైచిలుకు. చక్రాన్ని షాఫ్ట్‌కు బిగించే కీ కోసం కోసిన గాడి మూలలో వంపు స్ట్రెస్ సుమారు రెండింతలవుతుంది. అంటే 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌లో 104 కాస్తా 208. ఇలా పదే పదే పడే లోడుకు లోహం పగిలిపోవడాన్నే అలసట అంటారు. ఈ లోహం అలసిపోకుండా ఓర్చుకునే హద్దు, పాలిష్ చేసిన నమూనాలో కూడా, దాని తెగే బలం 515లో సగం దరిదాపుల్లోనే. లేత్ గీతలకూ సైజుకూ కోత వేస్తే 200 లోపే. పైగా ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల్లోవి ఉప్పునీళ్లు. క్లోరైడ్ 304 మీద సూదిగుంటలు పెడుతుంది, ఒక్కో గుంటా ఒక పగులుకు మొదలు. ఉప్పునీటిలో అలసటకు భద్రమైన హద్దంటూ ఉండదు. అందుకే గాడి మూలలు గుండ్రంగా కొట్టించు, గాడిని బేరింగ్ పక్కన పెట్టనివ్వకు, చక్రాన్ని బేరింగ్‌కు వీలైనంత దగ్గరకు జరుపు.

విరిగిన షాఫ్ట్ దొరికితే పారెయ్యనివ్వకు. తెగిన ముఖం మీద నున్నగా, గవ్వ చారల్లా వలయాలుండి, ఒక మూల మాత్రం గరుకుగా ఉంటే అది అలసట. వలయాలు మొదలైన చోటే తప్పు ఉంది. ముఖమంతా ఒకేసారి తెగినట్టుంటే అప్పుడు ఓవర్‌లోడ్ గురించి మాట్లాడు.

పెళుసు సరుకుకు మైసెస్ అసలు వాడకు. స్ట్రెస్ లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌లో కనిపించే మైసెస్ రంగుల బొమ్మ ఎప్పుడూ ప్లస్ అంకెలే చూపుతుంది. లాగుడో నొక్కుడో చెప్పదు, పెళుసుదానికి ఆ తేడానే ప్రాణం. పోత ఇనుప గేర్‌బాక్స్ పెట్టెకు గరిష్ఠ ప్రిన్సిపల్ స్ట్రెస్ (షియర్ లేని దిక్కున పడే లాగుడు లేదా నొక్కుడు) బొమ్మ తెరువు. లాగుడు మాత్రమే పెద్దదైతే, గరిష్ఠ లాగుడును లాగే బలంతో పోల్చే రాంకిన్ సిద్ధాంతం సరిపోతుంది. లాగుడుతో పాటు గట్టి నొక్కుడు కూడా ఉంటే కూలుంబ్-మోర్ సిద్ధాంతం వాడు: లాగుడును లాగే బలంతో, నొక్కుడును నొక్కే బలంతో భాగించి కలుపు, ఒకటి దాటితే విరిగినట్టే. పోత ఇనుము నొక్కుడుకు లాగుడు కంటే మూడు నాలుగు రెట్లు ఓర్చుకుంటుంది.

రాయి అయితే పదింతలు, అంతకు మించి. చీమకుర్తిలో చూడు. గెలాక్సీ అని అమ్మే ఆ నల్ల రాయి గ్రానైట్ పేరుతో పోయినా జాతికి గాబ్రో. 3 మీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల మందం పలకను పడుకోబెట్టి రెండు చివర్లా ఎత్తితే, దాని బరువుకే అడుగుముఖం మీద దాదాపు 9.6 మెగాపాస్కల్ లాగుడు. అది రాయి ఓర్పుకు అంచు, చిన్న కుదుపుకే పుటుక్కుమంటుంది. అదే పలక 1.8 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటే 0.11 మాత్రమే. అక్కడి పనివాళ్లు పలకను ఎప్పుడూ నిలబెట్టే మోస్తారంటే కారణం ఇదే.

ఇంకో తప్పు అందరూ చేస్తారు. కంప్రెసర్ ట్యాంకు తీసుకో: 600 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం, 1 మెగాపాస్కల్ పీడనం. చుట్టూ స్ట్రెస్ 75, పొడుగునా 37.5. గరిష్ఠ షియర్ కోసం ఈ రెండింటి తేడాలో సగం తీసి 18.75 అని రాసేస్తారు. మూడో దిక్కున సున్నా ఉందని మరిచిపోతారు. 75కూ సున్నాకూ తేడాలో సగం, అంటే 37.5 అసలు జవాబు. మూడు ప్రిన్సిపల్ స్ట్రెస్‌లూ, సున్నాతో సహా, వరుసగా రాసుకున్నాకే తేడా తియ్యి.

సాగే లోహం కూడా కొన్నిచోట్ల పెళుసుగా ప్రవర్తిస్తుంది. మూడు దిక్కులా లాగుడు పడే లోతైన గాట్ల దగ్గర, మూడు వెల్డింగులు కలిసే మూలల్లో షియర్ చిక్కదు, లోహం సాగే వీలుండదు. మన నెల్లూరు ఎండలో చలి భయం లేదనుకోవద్దు, రొయ్యల ప్లాంట్ల ఫ్రీజర్లలో మైనస్ 40 దాకా పోతుంది. అక్కడ మామూలు కార్బన్ స్టీలు బ్రాకెట్ వేయకు, 304 అయితే ఆ చలికి జంకదు.

సాఫ్ట్‌వేర్ పదునైన మూలలో 900 చూపిస్తే కంగారుపడకు. మెష్, అంటే లెక్క కోసం వస్తువును విడగొట్టిన గడుల సైజు, సగం చేసి మళ్లీ నడుపు. అంకె పెరుగుతూనే పోతే అది లెక్కలోని లోపం. మూలకు నిజంగా ఉండే గుండ్రాన్ని గీసి చూడు, అంకె ఒకచోట నిలబడుతుంది. నిలబడ్డ ఆ అంకెనే నమ్ము.

ఆదివారంలోపు బేరింగ్ నుంచి చక్రం మధ్యకు దూరం, కీ గాడి మూల రేడియస్, రాడ్ సర్టిఫికెట్ ఫోటో పంపు. 30 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు అలసట లెక్క కలిసి కడదాం. డ్రాయింగ్ అప్పటిదాకా లేత్ వాళ్లకివ్వకు.

ఇట్లు,
మామయ్య