పాఠకుల ప్రశ్నలు: బొంబాయికి వచ్చిన వెస్ట్ పాయింట్

ప్రశ్న (విశాఖపట్నం): అమెరికా నౌకాదళం ఓడలు 1941 డిసెంబరులో బ్రిటిష్ సైనికులను బొంబాయిలో దించాయని చదివాను. పెర్ల్ హార్బర్ దాడి జరిగిందే ఆ నెల 7న కదా! అంతలోనే ఎలా రాగలిగాయి?

జవాబు: దాడికి నెల ముందే బయల్దేరాయి కాబట్టి. చర్చిల్ అడిగితే రూజ్‌వెల్ట్ ఆరు ఓడలిచ్చాడు: వెస్ట్ పాయింట్, వేక్‌ఫీల్డ్, మౌంట్ వెర్నన్, లెనార్డ్ వుడ్, జోసెఫ్ టి. డిక్‌మన్, ఒరిజాబా. బ్రిటన్ 18వ డివిజన్ సైనికులు, 20 వేలకు పైనే, కెనడాలోని హాలిఫాక్స్ దాకా బ్రిటిష్ ఓడల్లో వచ్చి అక్కడ వీటిలోకి మారారు. నవంబరు 10న లంగరెత్తారు. అప్పటికి అమెరికా తటస్థ దేశమే, కాగితం మీద! డిసెంబరు 9న కేప్‌టౌన్ చేరేసరికి యుద్ధంలో ఉంది. మౌంట్ వెర్నన్ మొంబాసా మీదుగా ఆ డివిజన్‌లోని ఒక బ్రిగేడును 1942 జనవరి 13న సింగపూర్‌లో దించింది. మిగతావి డిసెంబరు 27న బొంబాయి చేరాయి.

తర్వాతి కథ చేదు. వెస్ట్ పాయింట్, వేక్‌ఫీల్డ్ జనవరి 29న సింగపూర్ రేవుకు ఇంకొంత సైన్యాన్ని తీసుకెళ్లాయి. మర్నాడు జపాన్ విమానాలు వేసిన బాంబు వేక్‌ఫీల్డ్‌లోని వైద్యశాలలో పేలి ఐదుగురు చనిపోయారు. వెస్ట్ పాయింట్ 1,276 మందిని ఎక్కించుకుని బటేవియా (నేటి జకార్తా) మీదుగా సిలోన్ (నేటి శ్రీలంక) దారి పట్టింది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది, డివిజన్ మొత్తం బందీ అయింది. దించిన రేవు నుంచే వాళ్లను వెనక్కి తెచ్చి ఉండాల్సిందని ఇప్పుడు అనడం సులువే.

ప్రశ్న (రాజమండ్రి): ప్రయాణికుల ఓడలో అన్ని వేల మందిని ఎలా పట్టించారు? జలాంతర్గాముల భయం లేదా?

జవాబు: వెస్ట్ పాయింట్ అసలు పేరు అమెరికా, పొడవు 723 అడుగులు, ప్రయాణికులు సుమారు 1,200 మంది. 1941 జూన్‌లో నౌకాదళం చేతికి వచ్చాక హాళ్లలో సైతం ఒకదానిపై ఒకటిగా మడత మంచాలు బిగించారు, కిటికీలు మూసేశారు, ప్రాణరక్షక తెప్పలు, విమాన విధ్వంసక తుపాకులు అమర్చి బూడిద రంగు వేశారు. సామర్థ్యం 8,175కి పెరిగింది. 1944లో ఒక ప్రయాణంలో సిబ్బందితో కలిపి 9,305 మంది ఉన్నారు. ఇలాంటి ఓడల్లో మంచం కంటే ముందు ఇరుకున పడేవి వంటగది, మంచినీళ్లు. అందుకే చాలావాటిలో రోజుకు రెండే భోజనాలు, అవీ వంతుల వారీగా.

ఇక భయం సంగతి. ఆనాటి జర్మన్ జలాంతర్గామి నీటిపైన 17 నాట్ల వేగంతో (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు) పోయేది, మునిగితే ఏడెనిమిదే. ఈ ఓడ 20 దాటి పోతుంది. టార్పెడో గురి కుదరాలంటే ఓడ వేగమూ దిశా ముందే అంచనా వేయాలి. వంకరటింకరగా పోతుంటే ఆ లెక్క తప్పుతుంది. నెమ్మదిగా నడిచే కాన్వాయ్‌లో (కాపలాతో కలిసి వెళ్లే ఓడల గుంపులో) కట్టేస్తే ఈ లాభమంతా పోయేది, అందుకే తరచూ ఒంటరిగానే పంపారు. యుద్ధకాలంలో మూడున్నర లక్షల మందికి పైగా మోసింది. వేక్‌ఫీల్డ్‌కు మాత్రం శత్రువు కన్నా నిప్పే ఎక్కువ నష్టం చేసింది. 1942 సెప్టెంబరు 3న అట్లాంటిక్‌లో అంటుకుని, మళ్లీ సేవలోకి రావడానికి 1944 ఫిబ్రవరి దాకా పట్టింది.

ప్రశ్న (న్యూజెర్సీ): పాత రికార్డుల్లో ఈ ఓడలను వెతికితే వివరాలు కలవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: పేరుతో పాటు నంబరూ పట్టుకోండి. వెస్ట్ పాయింట్ ఏపీ-23 (ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం లేదు, సైన్య రవాణా ఓడలకు అది గుర్తు). యుద్ధానంతరం అది మళ్లీ అమెరికా అయింది, 1964లో గ్రీకు యజమానుల చేతికి వెళ్లి ఆస్ట్రాలిస్ అయింది, చివరి పేరు అమెరికన్ స్టార్. 1994 జనవరిలో లాక్కెళ్తుండగా తాళ్లు తెగి కానరీ దీవుల్లోని ఫ్యుర్టెవెంచురా తీరానికి కొట్టుకొచ్చి రెండు ముక్కలైంది. ఇంకో చిక్కు: తీరదాడులకు దిగే ఓడలకు 1943 ఫిబ్రవరిలో ఏపీఏ అన్న కొత్త గుర్తు ఇచ్చారు. లెనార్డ్ వుడ్ అంతకుముందు ఏపీ-25, తర్వాత ఏపీఏ-12. డిక్‌మన్ ఏపీ-26 నుంచి ఏపీఏ-13 అయింది. 1941 నాటి ప్రయాణం కావాలంటే పాత నంబరుతోనే వెతకాలి.