రాత్రి బడిలో ముందు మానేసింది ఎవరు?

"వయోజన విద్య వల్ల సామాజిక అసమానతలు నిజంగా తగ్గుతాయా, లేక అంతో ఇంతో చదువుకున్నవాళ్లకే ఇంకాస్త మేలు జరుగుతుందా?" అని అడిగారు. నేను రెండేళ్లు ఒక రాత్రి బడిలో చదువు చెప్పాను. బడి పెట్టి ఊరుకుంటే మాత్రం జరిగేది రెండోదే.

మొదటి రోజు 18 మంది వచ్చారు. నాలుగు నెలలకు ఏడుగురు మిగిలారు. వాళ్లలో ఐదుగురు చిన్నప్పుడు నాలుగో, ఐదో తరగతి దాకా చదివి ఆపేసినవాళ్లే. బడి ముఖమే చూడనివాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ముందే జారిపోయారు. వాళ్లకి శ్రద్ధ లేదనుకున్నాను (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది). ఒకావిడని అడిగితే, "ఏడింటికి రమ్మంటావు, ఏడింటికి నేనింకా పొయ్యి దగ్గరే ఉంటాను కదా" అంది. ఇంకొకామె కోడలు కూడా మా క్లాసులోనే ఉండేది. కోడలి ముందు తప్పు చదవడం ఇష్టం లేక ఆమె మానేసింది.

ఇది మా ఒక్క బడి సంగతి కాదు. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే ఆర్థిక సంస్థ 2013లో వెలువరించిన పెద్దల నైపుణ్యాల సర్వేలోనూ ఇదే కనిపించింది: చదవడం, లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా శిక్షణల్లో చేరుతున్నారు. అవసరం ఎక్కువున్నవాళ్లు దూరంగానే ఉండిపోతున్నారు.

అలాగని వయోజన విద్య దండగ అనను. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్ అనే చిన్న పట్టణంలో, ఆ దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ బృందం సుమారు 300 మందికి దాదాపు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పింది. అక్షరమాల వల్లె వేయించకుండా, వాళ్లు రోజూ వాడే మాటలతోనే మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ చదువురానివాళ్లకు ఓటు లేదు, కాబట్టి అక్షరం వస్తే ఓటు వచ్చినట్టే. 1964లో సైన్యం అధికారంలోకి వచ్చాక ఆ కార్యక్రమాన్ని ఆపేసి, ఫ్రెయిరీని జైల్లో పెట్టింది. చదువురానివాళ్లకు ఓటు దక్కింది 1985లో.

మేమూ పద్ధతి మార్చాం. టైము ఎప్పుడో వాళ్లనే చెప్పమన్నాం. అఆల చార్టు పక్కన పెట్టి మందుల చీటీలు, పనిచోట హాజరు పట్టీలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాం. మానేసినవాళ్లలో నలుగురు తిరిగొచ్చారు.

వాళ్లలో ఒకామె ఒకరోజు హాజరు పట్టీలో తన పేరు వెతుక్కుంది. ఎదురుగా 26 రోజులని ఉంది. చేతికొచ్చింది 22 రోజుల కూలి. మర్నాడే వెళ్లి మేస్త్రీని నిలదీసింది. ఆ నాలుగు రోజుల డబ్బులూ వచ్చాయి, కానీ తర్వాతి నెల ఆమెను పనికి పిలవలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది, అనవసరంగా ఆమె పొట్ట కొట్టానేమో అని. ఆమె మాత్రం ఆ సాయంత్రం మామూలుగానే క్లాసుకి వచ్చి, "ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పు" అంది.

మా పాఠాల్లో అది లేదు. ఎవరికి రాయాలో అప్పటికి నాకే తెలియదు.