ఉత్తరాధికారా? వారసురాలా?

సందేహం: మాది పర్లాకిమిడి. మా ఆవిడ పోయాక, పొలం అమ్మి బ్యాంకులో వేసుకున్న ఆవిడ సొమ్ము వీలునామా ప్రకారం అమెరికాలో స్థిరపడిన మా అమ్మాయికి చేరింది. ఇక్కడి ఒడియా కాగితాల్లో అమ్మాయిని ‘ఉత్తరాధికారి’ అన్నారు. తెలుగులోనూ అలాగే రాయవచ్చా? ఇంకోటి. వాళ్లమ్మ ఇచ్చిన డబ్బు గురించి అక్కడి ఆడిటర్ ‘3520 రిపోర్ట్ చేయాలి’ అన్నాడని అమ్మాయి ఫోన్‌లో చెబితే, నేను బంధువులతో ‘3520 కట్టాలట’ అన్నాను. అంతా డాలర్లనుకుని టెన్షన్ పడ్డారు. ‘రిపోర్ట్’కు సరైన తెలుగు ఏది?

సమాధానం: ‘ఉత్తరాధికారి’ మంచి సంస్కృత పదమే. ఒడియాలో ఆస్తి హక్కుదారుకు అదే మామూలు మాట, కాబట్టి మీ కాగితంలో తప్పు లేదు. తెలుగులో మాత్రం అది మఠాలకు పరిమితమైపోయింది. పీఠాధిపతి తన తర్వాత పీఠమెక్కవలసిన శిష్యుణ్ణి ఉత్తరాధికారిగా ప్రకటిస్తారు. పొలానికీ బ్యాంకు సొమ్ముకూ మనం ఆ మాట వాడం. మీరు ‘వారసురాలు’ అనే రాయండి. సరిహద్దు ఊళ్లలో ఇలాంటి చిక్కులు మామూలే. ఒడియాలో ‘ఖజణా’ అంటే భూమి శిస్తు, తెలుగులో ‘ఖజానా’ అంటే ఆ శిస్తు చేరే చోటు.

‘వారసుడు’ అరబ్బీ ‘వారిస్’ నుంచి వచ్చినవాడు. దాని చివర సంస్కృతపు ‘త్వం’ చేర్చి వారసత్వం చేసుకున్నాం. వీలునామాలో ముందున్నది ఇంగ్లీషు విల్లు, వెనకున్నది ఫారసీ నామా. ఇవి పరాయి మాటలని నేను ఒప్పుకోను. జనం నోట్లో ఉన్న భాషే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు మీ ఊళ్లోనే కదా పాఠాలు చెప్పింది! సంస్కృతమే కావాలనుకుంటే ‘దాయం’ ఉంది, ఆస్తిలో వాటా అని అర్థం. దాయాది అంటే ఆ వాటా అందుకునేవాడు. కానీ ఆ మాటకు ఇప్పుడు పాలివాళ్ల తగాదాల వాసన అంటుకుంది. మీ అమ్మాయికి వద్దు.

ఇక రెండోది. మీ బంధువుల పొరపాటేమీ లేదు. తెలుగులో ‘కట్టడం’ డబ్బుకు అతుక్కుపోయిన మాట. ఫీజు కడతాం, కరెంటు బిల్లు కడతాం, జరిమానా కడతాం. అంకె పక్కన ‘కట్టాలి’ వినబడితే ఎవరైనా సొమ్మే అనుకుంటారు. 3520 అనేది ఫారం నంబరు. అమెరికా పన్ను లెక్కలోకి వచ్చే వ్యక్తికి విదేశంలోని వ్యక్తి నుంచి ఒక ఏడాదిలో లక్ష డాలర్లకు మించి కానుకగా గానీ వారసత్వంగా గానీ అందితే, ఆ సంగతి అక్కడి పన్నుల శాఖకు ఈ ఫారంలో తెలపాలి. ఆ సొమ్ము ఆదాయం కింద రాదు, దానిమీద ఆదాయపు పన్ను లేదు. మన దేశంలోనూ పోయినవారి ఆస్తిమీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. అయితే పన్ను లేదు కదా అని ఫారం మానేస్తే, వచ్చిన సొమ్ములో నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా పడవచ్చు. మామూలు రిటర్న్‌తో కలపకుండా విడిగా పంపాలి. గడువు సాధారణంగా ఏప్రిల్ 15.

పత్రికలు ‘నివేదించాలి’ అని రాస్తాయి. అర్థమవుతుంది గానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. మనకు ‘దాఖలు చేయడం’ ఉంది. కోర్టులోనూ తహసీల్దారు ఆఫీసులోనూ తరతరాలుగా నలిగిన మాట. ఒడియాలోనూ ‘దాఖల’ ఉంది కాబట్టి మీ ఊళ్లో రెండు భాషలవాళ్లకూ తెలుస్తుంది. ‘లెక్క చూపాలి’ అన్నా బాగుంటుంది.

మీ ఉత్తరంలో ఒకచోట ‘వాళ్లమ్మ ఇచ్చిన డబ్బు’ అని ఉంది. ఇచ్చిన అంటే బతికుండగా చేతికిచ్చినట్టు, అంటే కానుక. ఆ ఫారం కానుకనూ అడుగుతుంది, వారసత్వాన్నీ అడుగుతుంది. నింపేవాళ్లకు ఏది ఏదో తెలియాలి. వీలునామాల్లో ‘నా తదనంతరం’ అని రాస్తారు చూడండి, ఆ మాటే ఇక్కడ పనికొస్తుంది. బంధువులకు ఇలా రాయండి: ‘అమ్మ తదనంతరం అమ్మాయికి సంక్రమించిన సొమ్ముకు పన్ను కట్టనక్కర్లేదు. 3520 నంబరు ఫారం మాత్రం దాఖలు చేయాలి.’

సొమ్ములో కొంత ఇక్కడి బ్యాంకులో అమ్మాయి పేరిటే ఉండి, అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే, దానికి వేరే ఫారం ఉంది. అదీ కట్టేది కాదు, దాఖలు చేసేదే.