పాత సీలింగ్ ఫ్యాను కింద అలంకార దీపం బిగించవచ్చా?

హాలులో ఇప్పటికే ఉన్న సీలింగ్ ఫ్యానుకు కింద ఒక గాజు దీపం బిగించుకోవచ్చా అని మీరు అడిగారు. నాలుగేళ్ల క్రితం గుంటూరులో మా ఇంట్లో నేను సరిగ్గా ఈ ప్రయత్నమే చేశాను. మామూలు ఫ్యానుకు అది కుదరదు. దీపంతో పాటు తయారైన ఫ్యానునే కొనుక్కోవాలి.

కారణం ఫ్యాను నిర్మాణంలోనే ఉంది. మనం ఇళ్లలో వాడే ఫ్యాన్లలో వైండింగు (మోటారులోని రాగి తీగ చుట్ట), దానిని మోసే ఇరుసు కదలకుండా ఉంటాయి. రెక్కలు బిగించిన బయటి డొప్ప తిరుగుతుంది, దానితో పాటు కింది మూత కూడా తిరుగుతుంది. మెయిన్ ఆపి, నిచ్చెన ఎక్కి, ఒక రెక్కను చేత్తో మెల్లగా తిప్పి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ మూతకు దీపం తగిలిస్తే దాని వైరు మెలికలు పడి తెగిపోతుంది. దీపం ఉండే ఫ్యాన్లలో ఇరుసు బోలుగా ఉండి కింది దాకా వస్తుంది. వైరు అందులోంచి దిగుతుంది, దీపం ఆ కదలని ఇరుసుకే బిగుస్తుంది.

అలాంటి ఫ్యాను తెచ్చాక కూడా నేను ఒక పొరపాటు జరగనిచ్చాను. ఫ్యాను పాయింటుకు స్లాబులోని పైపు నుంచి వచ్చేవి సాధారణంగా రెండే వైర్లు, కరెంటు తెచ్చే ఫేజు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్. మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పని తేలిక కావాలని దీపాన్ని కూడా రెగ్యులేటర్ నుంచి వచ్చే ఫేజుకే కలిపారు. ఫ్యానును రెండో నంబరుకు తగ్గించగానే ఎల్‌ఈడీ బల్బు మినుకుమినుకుమనేది, ఫ్యాను ఆపితే దీపం కూడా ఆరిపోయేది. తర్వాత వేరొకరిని పిలిచి, పాత వైరుకు కొత్త వైరు కట్టి పైపులోంచి లాగించి, దీపానికి విడి స్విచ్చు పెట్టించాను. న్యూట్రల్ ఒక్కటే రెండింటికీ సరిపోయింది. కాబట్టి కొనే ముందే మీ పైపులో మూడో వైరుకు చోటుందో లేదో చూపించుకోండి.

ఎత్తు కూడా కొలుచుకోండి. మా గది పది అడుగులు, అందువల్ల గాజు గిన్నె తలకు తగలదు. తొమ్మిది అడుగుల గదిలో పొట్టి రాడ్డు అవసరం కావచ్చు. బరువు పెరుగుతుంది కనుక స్లాబులోని హుక్కు తుప్పు పట్టలేదని తప్పకుండా చూడాలి, ఎందుకంటే కింద కూర్చునేది మన పిల్లలే.

గిన్నెను పట్టుకునే మూడు మరలు ఫ్యాను అదురుకు మెల్లగా వదులవుతాయి. బిగించిన నెలకు ఒకసారి, ఆపైన సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు, మెయిన్ ఆపి, నేను వాటిని చేత్తోనే, గాజు పగలకుండా కొద్దిగా బిగిస్తాను.